గడప దాకా రాని మనిషి

(దామోదరం సంజీవయ్య స్మారకోపన్యాసం పాఠం)

కర్నూలు జిల్లా బస్సుల తగాదా ఒకటి 1964 మొదట్లో సుప్రీంకోర్టులో తేలింది. న్యాయవాదులు దాన్ని సి.ఎస్.రౌజీ కేసు అంటారు. లా చదివే పిల్లలకు ఇప్పటికీ అదొక పాఠం. జిల్లాలో కొన్ని రూట్ల నుంచి ప్రైవేటు బస్సులను తప్పించి ఆర్టీసీకి అప్పగించే స్కీములకు రాష్ట్ర ప్రభుత్వం ఆమోదం తెలిపింది. రూట్లు పోయిన యజమానులు హైకోర్టులో ఓడి ఢిల్లీ దాకా వెళ్లారు. ఏ జిల్లా తర్వాత ఏ జిల్లా అని ముందు అనుకున్న వరుసను కాదని కర్నూలును ముందుకు లాగడం వెనక 1962 ఎన్నికల కక్ష ఉందని వాళ్ల ఆరోపణ. ఆ ఎన్నికల్లో తమలో కొందరు ముఖ్యమంత్రి నీలం సంజీవరెడ్డి వర్గానికి ఎదురు నిలిచారు కాబట్టే తమ పర్మిట్ల మీద దెబ్బ పడిందన్నారు.

ఆరోపణ ముఖ్యమంత్రి ఉద్దేశం గురించి. దాన్ని కాదనాల్సినవాడు ముఖ్యమంత్రే. అధికారుల తరఫున అఫిడవిట్లు వచ్చాయి గానీ ఆయన మాత్రం వేయలేదు. ముఖ్యమంత్రి మనసులో ఏముందో అధికారి ప్రమాణం చేసి చెప్పలేడు కదా. ప్రమాణం మీద చేసిన ఆరోపణను ఖండించాల్సిన మనిషే ఖండించనప్పుడు దాన్ని నమ్మక తప్పదని కోర్టు తేల్చింది. ఆర్టీసీ సొంతంగా ఆలోచించి ఈ నిర్ణయానికి రాలేదని, ముఖ్యమంత్రి చెప్పినట్టు చేసిందని భావించి స్కీములను కొట్టేసింది. సంజీవరెడ్డి రాజీనామా చేశారు. ఆ ఫిబ్రవరి నెలాఖరుకు కాసు బ్రహ్మానందరెడ్డి ముఖ్యమంత్రి అయ్యారు.

సంజీవయ్య పేరున జరిగే సభలో సంజీవరెడ్డి కేసు ఎందుకు? వీళ్లిద్దరి రాజకీయ జీవితాలు ఒకదాన్నొకటి దాటుకుంటూ సాగాయి. 1960 జనవరిలో సంజీవరెడ్డి కాంగ్రెస్ అధ్యక్షులై వెళ్తే ముఖ్యమంత్రి కుర్చీలో సంజీవయ్య కూర్చున్నారు. 1962 మార్చిలో సంజీవరెడ్డి ముఖ్యమంత్రిగా తిరిగొస్తే సంజీవయ్య కాంగ్రెస్ అధ్యక్షులయ్యారు. ఒకరిది అనంతపురం జిల్లా ఇల్లూరు, పెద్ద రైతు కుటుంబం. ఇంకొకరిది కర్నూలు పక్కనే పెద్దపాడు, సెంటు భూమి లేని దళిత కుటుంబం. ఒకే పార్టీ, ఒకే రాయలసీమ, ఒకే కుర్చీ. ఆ కుర్చీలో కూర్చున్నవాళ్లు ఏం చేయాలి, ఏం చేయకూడదు అన్న ప్రశ్నకు కావలసిన సరుకంతా ఈ ఇద్దరి కథల్లోనే ఉంది. ఎక్కడో గ్రీకు తత్వవేత్తల దగ్గర వెతుక్కోనక్కరలేదు.

బస్సుల కేసులో లోతుగా ఆలోచించాల్సింది ఒకటుంది. ఆ పని చెడ్డ పని కాదు. బస్సులు ప్రభుత్వం చేతిలోకి రావడం వల్ల ఈ జిల్లాకు మేలే జరిగింది. లాభం రాని రూటులో, రోజుకు రెండు ట్రిప్పులే అయినా, ఆలూరు, పత్తికొండ పల్లెలకు ఎర్రబస్సు వెళ్లింది. ఆ బస్సెక్కే ఆడపిల్లలు హైస్కూలుకు వెళ్లారు, రైతులు ఆదోని పత్తి మార్కెట్టుకు వెళ్లారు. అయినా కోర్టు ఆ మేలును చూసి ఊరుకోలేదు. ఎందుకు చేశావు, వీళ్లమీదే ఎందుకు, ఇప్పుడే ఎందుకు అని అడిగింది. ప్రజలకు మేలు చేసే పనిని సైతం పగ తీర్చుకోవడానికి వాడుకోవచ్చు. అలా వాడుకున్నప్పుడు దెబ్బ తిన్నవాడికి ప్రభుత్వమంటే ఎదుటి వర్గం అనే అర్థమవుతుంది. రేపు తన వర్గం గెలిస్తే ఇదే ఆయుధం తన చేతికొస్తుందని కాచుకుని కూర్చుంటాడు. సీమలో రాజకీయం ఇన్నేళ్లు ఇలా ఎందుకు నడిచిందో తెలుసుకోవాలంటే ఇక్కడి నుంచే మొదలుపెట్టాలి.

రాజీనామా సంగతి కూడా తేలిగ్గా తీసేయకూడదు. కోర్టు ఆయనకు శిక్ష వేయలేదు, పదవి నుంచి దిగిపొమ్మనలేదు. శాసనసభలో మెజారిటీకి లోటు లేదు. తీర్పులో తన నడత మీద మాట పడిందని కుర్చీ వదిలారు. అదే మనిషి 1967లో లోక్‌సభ స్పీకరు కాగానే పార్టీ సభ్యత్వానికి రాజీనామా ఇచ్చారు. 1977లో జనతా పార్టీ అభ్యర్థిగా నంద్యాల నుంచి గెలిచి, రాష్ట్రపతి అయ్యాక తన జీతంలో 70 శాతం వదులుకున్నారు. తప్పు జరిగిన చోట జరిగిందనీ, దానికి మూల్యం చెల్లించిన చోట చెల్లించారనీ రెండూ కలిపి చెప్పుకోవాలి. ఒకటి చెప్పి ఒకటి దాస్తే అది చరిత్ర కాదు, వర్గం మాట.

కర్నూలుకు ఇలాంటి రాజీనామా కొత్త కూడా కాదు. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం పుట్టినప్పుడు రాజధాని ఇదే. కచేరీలు గుడారాల్లో నడిచాయి. 1954 నవంబరులో మద్యనిషేధం విషయమై పెట్టిన అవిశ్వాస తీర్మానంలో టంగుటూరి ప్రకాశం ప్రభుత్వం ఒక్క ఓటు తేడాతో ఓడిపోయింది. ఆ ఒక్క ఓటును ఆయన ఎటూ గుంజలేదు. దిగిపోయారు.

ఇక సీమలో నాయకుడి ఇంటి ముందు పొద్దున ఏడుకు కనిపించే దృశ్యం చూడాలి. వసారాలో బెంచీలు, చాపలు, గేటు బయట మోటారు సైకిళ్లు. ఒకాయన చేతిలో ఆసుపత్రి ఎస్టిమేటు కాగితం, ముఖ్యమంత్రి సహాయనిధికి లెటరు కావాలి. ఒక టీచరమ్మకు బదిలీ కావాలి. పొలం గట్టు తగాదాలో స్టేషనుకు ఫోను చేయించుకోవడానికి ఇద్దరు అన్నదమ్ములు వచ్చారు. లోపలి నుంచి నాయకుడు వస్తాడు, ఒక్కొక్కరి భుజం మీద చెయ్యి వేసి, “ఏమప్పా, ఎప్పుడొచ్చినావు” అని అడుగుతాడు. వాళ్ల నాయన పేరు, ఊరి పేరు ఆయనకు నోటికి వచ్చు. ఫోను తీసుకుని అక్కడికక్కడే మాట్లాడతాడు. పని అవుతుంది. ఈ మనుషుల మీద ఆయనకు ఉన్న అభిమానం నటన అనలేం. చాలామంది విషయంలో అది నిజమైన ప్రేమే. ఎండిన నేలలో, ఆఫీసుల్లో ఎవరూ పలకని చోట, పేరు పెట్టి పిలిచే పెద్దమనిషి దొరకడం చిన్న సంగతి కాదు.

కానీ ఆ బెంచీ మీద లేనివాళ్లెవరు? కోసిగి, మంత్రాలయం పల్లెల నుంచి మిరపకాయలు కోయడానికి గుంటూరు జిల్లాకు మూటాముల్లె సర్దుకుని వెళ్లిపోయిన కుటుంబం అక్కడ ఉండదు. పోయిన ఎన్నికల్లో ఎదుటి జెండా మోసినవాడి ఇంటి కూలిమనిషి ఉండదు. బస్సు చార్జీకి లేని ముసలామె ఉండదు. కాలువ చివరి పొలం రైతు అప్పటికే నాలుగుసార్లు తిరిగి మానుకున్నాడు. ప్రజల ఉమ్మడి మేలు అనేది ఒకటుంటే దాన్ని కొలవాల్సింది గడప దాకా రాని ఈ మనుషుల దగ్గరే. తన దగ్గరికి వచ్చినవాడికి చేయడం మంచితనం. తనకు పేరు కూడా తెలియనివాడికి, తనకు ఓటు వేయనివాడికి కూడా అందేలా చేయడం పాలన. సీమ నాయకుల్లో మొదటిదానికి కొదవ లేదు. రెండోది అరుదు, అందుకే సంజీవయ్యను గుర్తుచేసుకోవడం.

ఆయన 1921 ఫిబ్రవరి 14న పుట్టారు. తండ్రి చిన్ననాడే పోయాడు. కర్నూలు మునిసిపల్ హైస్కూలు, అనంతపురం కాలేజీ, మద్రాసులో లా. 1952లో రాజాజీ మంత్రివర్గంలో మంత్రి. 1960 జనవరి 11న ముఖ్యమంత్రి అయ్యేనాటికి 39 నిండలేదు. దేశంలో ఒక దళితుడు ముఖ్యమంత్రి కావడం అదే మొదలు. పెద్ద వర్గాలు ఒకరి పేరు మీద ఒకరు ఒప్పుకోలేక మధ్యేమార్గంగా ఆయనను ఎంచుకున్నాయి. ఏ వర్గమూ తనది కాని ముఖ్యమంత్రికి బలం తక్కువ. కానీ ఆ బలహీనతలోనే ఒక స్వేచ్ఛ ఉంది, దాన్ని ఆయన వాడుకున్నారు.

పెద్దపాడు వైపు ఒక కథ చెప్పుకుంటారు. ముఖ్యమంత్రి అయిన కొడుకు ఊరికొచ్చి తల్లి సుంకులమ్మ చేతిలో డబ్బులు పెట్టాడట. నాకు నువ్వున్నావు, ముఖ్యమంత్రి కొడుకు లేని ముసలోళ్లకు ఎవరిస్తారు అని ఆమె అడిగిందట. ఆయన హయాంలోనే వృద్ధాప్య పింఛను మొదలైంది. ఈ కథ ఊళ్లో ఇంతకాలం బతికి ఉండడానికి కారణం దానిలోని తర్కం. కొడుకు తల్లికి ఇచ్చేది ప్రేమ. ఆ ప్రేమను పట్టుకుని ఏ తల్లీ ఏ కొడుకునూ అడగనక్కరలేని ఏర్పాటుగా మార్చడం రాజనీతి. మొత్తం చిన్నది, అందినవాళ్లు కొద్దిమంది. అయినా ఒక సూత్రం నిలబడింది: వయసు, పేదరికం రెండూ ఉంటే చాలు, ఏ పార్టీ మనిషి అన్నది దరఖాస్తులో అడగకూడదు. పింఛను పేర్లు, మొత్తాలు ప్రభుత్వం మారినప్పుడల్లా మారుతూ వచ్చాయి. ఊళ్లో పేరు చేర్చేది, తీసేసేది ఎవరు అన్న పేచీ మాత్రం నేటికీ తెగలేదు. సర్పంచి మారగానే జాబితాలోంచి పేరు మాయమైన ముసలామెకు పింఛను హక్కు కాదు, ఎవరో వేసిన భిక్ష. సంజీవయ్య పెట్టిన సూత్రానికి పడిన గండి అది.

1961 జనవరి 2న రాష్ట్రంలో అవినీతి నిరోధక శాఖ ఏర్పడింది. ఏసీబీ అంటే ఇప్పుడు పిల్లలకు కూడా తెలుసు. లంచం తీసుకునే గుమస్తాకు భయపడాల్సిన చోటు ఒకటి ఉండాలనీ, ఆ చోటికి వెళ్లడానికి సామాన్యుడికి నాయకుడి సిఫారసు అవసరం ఉండకూడదనీ దాని ఉద్దేశం. తర్వాత కేంద్రంలో కార్మిక మంత్రిగా ఉండగా 1965లో బోనస్ చట్టం వచ్చింది. ఇరవైమంది, అంతకు మించి పనిచేసే సంస్థల్లో లాభం వచ్చినా రాకపోయినా కనీసం నాలుగు శాతం బోనస్ ఇవ్వాలని అందులో రాశారు. అప్పటిదాకా పండుగకు యజమాని దయతలచి ఇచ్చే సొమ్ము, సంఘం కొట్లాడి తెచ్చుకునే సొమ్ము, ఇక కాగితం మీది లెక్క అయింది. పింఛను, ఏసీబీ, బోనస్: ఈ మూడింటిలోనూ ఒకటే చెయ్యి కనిపిస్తుంది. అడుక్కునే పనిని అడిగి పుచ్చుకునే పనిగా మార్చే చెయ్యి.

అన్నీ అలా సాగలేదు. ఆయన కాలంలోనే వచ్చిన 1961 భూగరిష్ఠ పరిమితి చట్టం నేల రకాన్ని బట్టి 27 ఎకరాల నుంచి 324 ఎకరాల దాకా ఉంచుకోనిచ్చింది. సీమ మెట్ట భూములకు వర్తించేది ఆ పై అంకెల దరిదాపులే. అంత వెసులుబాటు ఇచ్చాక భూస్వాముల దగ్గర పంచడానికి మిగిలింది తక్కువ. పన్నెండేళ్ల తర్వాత 1973లో ఇంకో చట్టం తేవాల్సి వచ్చింది. భూమిలేని ఇంట పుట్టిన ముఖ్యమంత్రి చేతి మీదుగా ఇంత వదులు చట్టం రావడం బాధ కలిగించే విషయం. శాసనసభ నిండా భూమి ఉన్నవాళ్లే ఉన్నప్పుడు మంచి మనిషి ఒక్కడు ఎంత చేయగలడో ఈ అంకెలే చెబుతాయి. నాయకుడి నీతిని ఆయన వ్యక్తిత్వంలోనే వెతికే అలవాటున్నవాళ్లు ఈ చట్టాన్ని ఒకసారి చదవాలి.

1972 మే 7న, కాంగ్రెస్ అధ్యక్షులుగా ఉండగానే, ఆయన కన్నుమూశారు. వెనకేసిన ఆస్తి లేదు.

దయకూ ఏర్పాటుకూ ఉన్న తేడాను ఈ నేల అంతకు ముందే ప్రాణాల మీదికి తెచ్చుకుని నేర్చుకుంది. 1866 కరువులో ఉయ్యాలవాడ బుడ్డా వెంగళరెడ్డి తన గాదెలు తెరిచి వేలమందికి అన్నం, గంజి పెట్టాడు. విక్టోరియా రాణి పేర బంగారు పతకం వచ్చింది. సీమ జానపదులు ఆయనను ఇంకా పాడుకుంటున్నారు, పాడుకోవాలి కూడా. పదేళ్లకే, 1876లో, ధాత కరువు వచ్చింది. ఈసారి ఎన్ని గాదెలు తెరిచినా చాలలేదు. 1871కీ 1881కీ నడుమ కర్నూలు జిల్లా జనాభా నాలుగో వంతుకు పైగా తరిగిపోయింది. అదే కాలంలో వైస్రాయి లిట్టన్ పంపిన రిచర్డ్ టెంపుల్ ఖర్చు తగ్గించడానికి కరువు పనుల కూలిని రోజుకు ఒక పౌను ధాన్యం లెక్కకు దించాడు. ఎండలో మట్టి తట్టలు మోసే మనిషికి అరకిలో కన్నా తక్కువ గింజలన్నమాట. మద్రాసు శానిటరీ కమిషనరు డాక్టరు కార్నిష్ అది మనిషిని బతికించే తిండి కాదని కాగితాల మీద పోరాడాడు, పైవాళ్ల కోపాన్ని లెక్కచేయలేదు. మద్రాసు ప్రభుత్వం కొద్ది నెలల్లోనే కూలి పెంచాల్సి వచ్చింది. ఆ కరువు తర్వాత కూర్చున్న కమిషను 1880లో నివేదిక ఇచ్చింది, కరువు కోడ్‌లు వచ్చాయి. కరువు వచ్చిందని ఎప్పుడు ప్రకటించాలి, పని ఎప్పుడు తెరవాలి, కూలి ఎంత ఉండాలి అన్నవి ఒక అధికారి మంచితనానికి వదిలేయకుండా రాసి పెట్టారు. వెంగళరెడ్డి గొప్ప మనిషి. కానీ కరువు కోడ్ వెంగళరెడ్డి లేని ఊళ్లో కూడా పనిచేయాలి.

థామస్ మన్రో ప్రస్తావన లేకుండా సీమలో పాలన గురించి మాట్లాడటం కుదరదు. నైజాము ఇచ్చేసిన దత్తమండలాలకు 1800 నుంచి 1807 దాకా ప్రిన్సిపల్ కలెక్టరు. ఈస్టిండియా కంపెనీకి పన్ను రాబట్టడమే ఆయన ఉద్యోగం. ఆ ఉద్యోగం చేస్తూనే, రైతు మీద పడ్డ శిస్తు ఎక్కువగా ఉందనీ, నాలుగో వంతు తగ్గించాలనీ 1807లో పైవాళ్లకు రాశాడు. వాళ్లు వినలేదు. గవర్నరుగా తిరిగొచ్చిన కాలంలో ఆ తగ్గింపు అమలుకొచ్చింది. 1827 జూలై 6న పత్తికొండలో కలరా సోకి చనిపోయాడు. ఈ తట్టు జనం పిల్లలకు ఆయన పేరు పెట్టుకున్నారు. పరాయి పాలకుడికి ఆ గౌరవం దక్కడం వింతగా తోచవచ్చు. పాలించే కంపెనీకీ పాలింపబడే రైతుకూ పేచీ వచ్చినప్పుడు ఆయన తన యజమానులకు నచ్చని కాగితం రాశాడు, జనం దాన్ని మరవలేదు.

ఇప్పుడు నీళ్ల దగ్గరికి రావాలి. వాన తక్కువగా పడే ఈ నేలలో రాజకీయ నీతికి చివరి పరీక్ష నీళ్లే. 1937 నవంబరు 16న మద్రాసులో కాశీనాథుని నాగేశ్వరరావు గారి శ్రీబాగ్ భవనంలో కోస్తా, సీమ పెద్దలు ఒక ఒడంబడిక చేసుకున్నారు. కడప కోటిరెడ్డి, కల్లూరి సుబ్బారావు, భోగరాజు పట్టాభిసీతారామయ్య, కొండా వెంకటప్పయ్య వంటివాళ్లు దానిలో ఉన్నారు. కృష్ణా, తుంగభద్ర, పెన్నా నీళ్ల వాడకంలో పదేళ్లో, అవసరమైతే అంతకు మించో, సీమకూ నెల్లూరుకూ మొదటి ప్రాధాన్యం ఇవ్వాలన్నది అందులో ముఖ్యమైన మాట. మద్రాసు నుంచి విడిపోవాలంటే సీమ మద్దతు కావాలి, ఆ మద్దతుకు ఇచ్చిన మాట అది. రాష్ట్రం వచ్చింది. రాజధాని వచ్చి మూడేళ్లకు హైదరాబాదు పోయింది. కృష్ణా-పెన్నారు పథకం పక్కకు పోయి నాగార్జునసాగర్ కట్టారు. 1963లో నెహ్రూ శంకుస్థాపన చేసిన శ్రీశైలం జలాశయం కింద కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాల్లో నూరుకు పైగా ఊళ్లు మునిగాయి. మునిగిన ఊళ్లవాళ్లకు ఆ నీళ్లతో పొలం తడుపుకునే వరుసలో చోటు దొరకలేదు.

ఇదంతా కోస్తావాళ్లు చేశారని తేల్చేయడం సీమలో తేలికైన ఉపన్యాసం. చప్పట్లు కూడా బాగా పడతాయి. కానీ 1956 నుంచి ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రుల జాబితా చూస్తే సంజీవరెడ్డి, సంజీవయ్య, కోట్ల విజయభాస్కరరెడ్డి, చంద్రబాబు నాయుడు, రాజశేఖరరెడ్డి, కిరణ్‌కుమార్‌రెడ్డి, జగన్‌మోహన్‌రెడ్డి. ఏడుగురు సీమ బిడ్డలే. ఇంతమంది ఏలిన తర్వాత కూడా కోసిగి కుటుంబం మిరప కోతలకు ఎందుకు వెళ్తోంది? కుర్చీలో మనవాడు ఉండటం వేరు, కుర్చీ మనకు పనికిరావడం వేరు.

అడుగుల లెక్క ఒకటి చూస్తే ఇది కళ్లకు కడుతుంది. శ్రీశైలం పూర్తి నీటిమట్టం 885 అడుగులు. పోతిరెడ్డిపాడు హెడ్ రెగ్యులేటరు ద్వారా సీమకు నీళ్లు రావాలంటే జలాశయంలో మట్టం పైన ఉండాలి. 854 అడుగుల దగ్గర అందేది అంతంతమాత్రం, 841 కిందికి పోతే చుక్క రాదు. అందుకే 854 కన్నా దిగువకు తోడకూడదన్నది సీమకు ప్రాణసమానమైన కట్టుబాటు. 1996 జూన్‌లో చంద్రబాబు నాయుడు ప్రభుత్వం 69 నంబరు జీవో ఇచ్చి ఆ హద్దును 834కు దించింది. 2004 సెప్టెంబరులో రాజశేఖరరెడ్డి ప్రభుత్వం 107 నంబరు జీవోతో మళ్లీ 854కు తెచ్చింది. ఆ తర్వాత కూడా కరెంటు కోసం అంతకు దిగువకు తోడిన ఏళ్లున్నాయి. దిగువ డెల్టా నారుమళ్లకు నీళ్లు కావాలి, నగరాలకు తాగునీరు కావాలి, కరెంటు కావాలి. ఏదీ అక్రమమైన అవసరం కాదు. ఉమ్మడి మేలు అనే మాట ఇక్కడే బరువెక్కుతుంది. అందరి అవసరమూ న్యాయమైనదే అయినప్పుడు ఎవరి పొలం ముందు ఎండాలో నిర్ణయించేవాడు ఆ ఎండే పొలం వాడికి కారణం చెప్పాలి. ఇరవై అడుగులు దించేటప్పుడు ఆ కారణం ఏ గ్రామసభలోనూ చెప్పలేదు. 2016 మే 31న సిద్ధేశ్వరం దగ్గర అలుగు కోసం రైతులు తామే శంకుస్థాపన చేయడానికి కదిలింది ఆ మౌనం భరించలేకే.

పెద్ద జలాశయం దగ్గర జరిగేదే చిన్న తూము దగ్గరా జరుగుతుంది. 1860లలో ఒక ప్రైవేటు కంపెనీ తవ్వడం మొదలుపెట్టి, 1882లో ప్రభుత్వం కొనుక్కున్న కర్నూలు-కడప కాలువ సుంకేసుల దగ్గర తుంగభద్ర నుంచి బయల్దేరి కడప దాకా సుమారు 300 కిలోమీటర్లు పోతుంది. ఆయకట్టు 2.65 లక్షల ఎకరాలు. కృష్ణా నీళ్లు పంచిన బచావత్ ట్రిబ్యునల్ దానికి 39.9 టీఎంసీలు కేటాయించింది. ఇవి కాగితం మీది అంకెలు. దువ్వూరు, చాపాడు దిక్కున కాలువ చివర నిలబడితే వేరే లెక్క కనిపిస్తుంది. పైన ఎవరో రాత్రిపూట షట్టరు ఎత్తారు, ఎవరో పిల్లకాలువకు అడ్డంగా మట్టి బస్తాలు వేశారు, ఇంకెవరో కాలువలోకి మోటారు దించారు. కాలువ చూసుకునే లస్కరుకు అంతా తెలుసు. ఫలానా తూము దగ్గర ఫలానా పెద్దమనిషి పొలం ఉందనీ తెలుసు. చేతిలో కర్ర, జేబులో చిన్న నోటు పుస్తకం తప్ప ఏమీ లేని లస్కరు ఆ పెద్దమనిషి షట్టరు దించుతాడా? దించిన రోజు అతని వెనక నిలబడే ఎమ్మెల్యే ఉన్నాడా? చివరి ఆయకట్టు రైతు వరి వదిలి పెసలు చల్లుకుంటాడు, అదీ ఎండితే బోరు వేసి అప్పు చేస్తాడు. ఆ రైతు ఏ వర్గమో నాయకుడికి తెలియదు. తెలియాల్సిన అవసరమూ ఉండకూడదు.

ఫ్యాక్షన్ గురించి సీమ బయట సినిమాలు చాలా చెప్పాయి. సుమోలు, బాంబులు, తొడగొట్టడాలు. చంపుకోవడం కన్నా రోజువారీగా మనిషిని ఎక్కువ నలిపింది ఇంకొకటి: పంచాయతీలో ఎవరికి నల్లా, ఎవరికి రేషను డీలర్‌షిప్పు, ఎవరికి కాంట్రాక్టు, ఎవరి మీద కేసు అన్నవన్నీ వర్గాన్ని బట్టి తేలడం. ఎదురు నామినేషను వేయనివ్వకుండా చేసుకున్న ఏకగ్రీవాన్ని ఐకమత్యమని పిలవడం. ఏజెంటు కూర్చోలేని పోలింగు బూతు ఉన్న ఊళ్లో ఉమ్మడి మేలు గురించి మాట్లాడటానికి ముందు ఆ కుర్చీలో భయం లేకుండా ఒక మనిషి కూర్చోవాలి. వర్గాలు ఇప్పుడు మునుపటంత బాహాటంగా లేవు, పిల్లలు చదువుకుని బెంగళూరు, హైదరాబాదు వెళ్లారు. కానీ కాంట్రాక్టుల పంపకంలో ఆ పాత అలవాటు పోలేదు.

ఈ ఉపన్యాసం వినడానికి వచ్చినవారిలో రేపు సర్పంచులు, జెడ్పీటీసీలు, బహుశా మంత్రులు అయ్యేవాళ్లూ ఉంటారు. వాళ్లను నమ్మి చెప్పే మాటలు ఇవి. పింఛను జాబితాలోంచి ఒక పేరు తీసేసినప్పుడు ఎందుకు తీసేశారో రాసి, తీసేసిన అధికారి సంతకంతో పంచాయతీ గోడకు అంటించండి. రోడ్డు ఏ పల్లెకు ముందు, ఏ పల్లెకు వెనక అని వరుస పెట్టినప్పుడు ఆ వరుసకు కారణం ఫైల్లో ఉండాలి. వరుస మారిస్తే మార్చినవాడి పేరు కూడా ఉండాలి. 1997 చట్టం కింద ఏర్పడిన నీటి సంఘాలకు ఏళ్ల తరబడి ఎన్నికలు జరగని సందర్భాలున్నాయి. అవి సకాలంలో జరగాలి, చివరి ఆయకట్టు రైతు సంఘంలో కూర్చోవాలి. శ్రీశైలం మట్టం 854కు చేరిన రోజు మొదలు, ఆ రోజు ఎన్ని క్యూసెక్కులు ఎటు వదిలారో, ఎవరి ఆదేశం మీద వదిలారో కర్నూలు, నంద్యాల, కడప కలెక్టరేట్ల ముందు తెలుగులో బోర్డు పెట్టాలి. ఇందులో ఏదీ పెద్ద ఖర్చుతో కూడింది కాదు. కొత్త చట్టం దాకా ఆగనక్కరలేదు, చాలా వాటికి ఒక ఎమ్మెల్యే లేఖ, ఒక కలెక్టరు ఉత్తర్వు సరిపోతాయి.